మూట కూచున్న చోటు

జమాల్ తొట్టిని ఊడదీసి గోడకు ఆనించినప్పటి నుంచి సైదున్నీసాకు ఆ బండి వైపు చూడాలంటే గుండె ఝల్లుమంటోంది.

తొట్టి ఉన్నంతకాలం అది మనుషులు కూచునే బండి. మోటరుసైకిలుకు ఎడమ పక్కన పడవ ముక్క మాదిరి అతికించి ఉండేది. లోపల మెత్త, ముందర గాలికి అడ్డంగా చిన్న అద్దం. పులివెందుల పక్క పల్లె నుంచి బండి ఆసామి ఓబుళరెడ్డి దాన్లో వాళ్ళమ్మను కూచోబెట్టుకుని ప్రొద్దుటూరు బజారుకు వచ్చేవాడు. ఆ ముసలామె తలమీది కొంగును రెండు చేతులా పట్టుకుని ఉలకకుండా పలకకుండా కూచునేది. ఇప్పుడు ఆ తొట్టిలో పక్కింటి గులాబ్‌బీ కోడి గుడ్లు పెడుతోంది. బండికి మిగిలింది ఒక ఇనప చట్రం, దానిమీద ఎడ్లబండి నొగను కోసి పరిచిన పలక, పలక చివర ఒక పిడి. తన మరమ్మతుల కొట్టంలో జమాల్ ఆ చట్రాన్ని జానెడు కిందికి దించాడు. పక్క చక్రాన్ని నాలుగు వేళ్ళు ముందుకు జరిపాడు. అంతటితో ఆగక ఇప్పుడు పలకమీద వెల్లకిలా పడుకుని కాళ్ళు ఎక్కడ తన్నిపెట్టాలో చూసుకుంటున్నాడు.

"సైదూ, రవంత ఇట్లా రా. ఈ చక్రం పట్టుకోని పైకెత్తు."

"బిడ్డ సంకలో ఉండాది, కనపళ్ళ్యా?"

"గులాబ్‌బీకిచ్చి రా బిరీన."

గులాబ్‌బీ గోడమీంచే చేతులు చాపి బిడ్డను అందుకుంది. సైదున్నీసా చీర కుచ్చెళ్ళు దోపుకుని చక్రాన్ని రెండు చేతులతో ఎత్తింది. మొదట బరువనిపించలేదు. చక్రం నేల వదిలి మోకాలి ఎత్తుకు లేచింది. అప్పుడు జమాల్ పిడి పట్టుకుని ఒళ్ళంతా పలక బయటికి విసిరాడు. నడుం కాడికి మాత్రమే చట్రంమీద ఉన్నాడు, భుజాలు తల గాలిలో. చక్రం ఆమె చేతుల్లోంచి జారి దబ్బున నేలను తాకింది.

"చూసినావా! ఎత్తలేకపోయినావు."

"ఏంది చూసేది? నా వేళ్ళు నలిగిపోయినాయి."

"ఎడం పక్కకి తిరిగినప్పుడల్లా ఈ చక్రం గాల్లోకి లేస్తాది. అందుకే పోయినేడు పందెంలో అందరూ మలుపు కాడికొచ్చినాక నిదానించినారు. తొట్లో మనుషులు పెండ్లికొడుకుల మాదిరి కూచోనుంటిరి. నిదానించకుండా పోవాలంటే ఎవురో ఒకరు ఈ పక్క బయటికి ఏలాడాల."

"ఎవురో ఒకరంటే?"

జమాల్ బోల్టు మరలోని దుమ్మును నోటితో ఊదాడు. అదే జవాబు.

మరుసటి రోజు ఓబుళరెడ్డి వచ్చాడు. ఇద్దరూ బండిని ఏట్లోకి తోలుకుపోయారు. పెన్నలో నీళ్ళు లేవు. అక్కడొక చెలమ, ఇక్కడొక చెలమ తప్పితే అటు గట్టు దాకా ఇసకే. సైదున్నీసా గుడ్డలు ఉతుక్కునే నెపంతో ఏటికి వచ్చి, చెలమ పక్కన బిడ్డను గుడ్డమీద పడుకోబెట్టి, ఎండ తగలకుండా తన నీడ పడేట్టు కూచుంది. బిడ్డ నిద్రపోతే ముక్కు కింద వేలు పెట్టి చూడటం ఆమెకు అలవాటు. గాలి వేలికి తగిలాకనే గుడ్డలు తడిపింది.

దూరంగా రెండు తారు డ్రమ్ములు నిలబెట్టారు. ఓబుళరెడ్డి బండి నడుపుతుంటే జమాల్ పలకమీద వెల్లకిలా ఉన్నాడు. బండి అరుచుకుంటూ పోయి డ్రమ్ము దగ్గర ఎడమకు తిరిగింది. జమాల్ కనపడలేదు. ఆమె లేచి నిలబడింది. ఇసక పొర పైకి లేచింది, అందులోంచి చక్రం, చక్రం పక్కన నేలను రాసుకుంటూ ఒక భుజం, ఆ భుజం మీద వెనక్కి వాలిన తల. నోరంతా తెరుచుకుని ఉంది. అరుస్తున్నాడనుకుంది. బండి ఇటు తిరిగి దగ్గరికొచ్చినప్పుడు తెలిసింది, నవ్వుతున్నాడు.

పెళ్ళయినప్పటి నుంచి జమాల్ నవ్వు ఆమెకు తెలుసు. పెదవి ఒక పక్కకు లాగి ముక్కుతో నవ్వుతాడు. బిడ్డ పుట్టిందని చెప్పినప్పుడు కూడా అట్లానే నవ్వాడు. ఈ నవ్వు ఎవరిదో అనిపించింది. తడిగుడ్డ చేతిలో పట్టుకుని, ఎవరో పరాయి మగాణ్ణి చూసినట్టు తల దించుకుంది.

మధ్యాహ్నం పెరట్లో బండమీద కూచుని జమాల్ వీపు చూపాడు. ఎడమ భుజం చర్మం లేచిపోయి లోపల ఇసక రేణువులు దిగబడి ఉన్నాయి. ఆమె పాత పంచె కొసను నీళ్ళలో ముంచి ఒక్కొక్క రేణువే తీసింది.

"నిదానం."

"నేను నిదానంగానే చేస్తాండా. నువ్వు నిదానం నేర్చుకో. ఆ పిడి ఊడితే ఏమవుతాది?"

"ఊడదు."

"చెయ్యి జారితే?"

"జారదు."

"డ్రమ్ము తగిలితే?"

"సైదూ, నువ్వు అన్నం వండేటప్పుడు ఇల్లు కాల్తాదని పొయ్యి ముట్టించకుండా ఉండావా?"

"నేను పొయ్యిలోకి దూరి వండను."

జమాల్ ముక్కుతో నవ్వాడు. ఆమె భుజంమీద పసుపూ నూనే రాసింది. కొంచెం గట్టిగానే రాసింది.

పందెం జమ్మలమడుగులో, తిరునాళకు. సైదున్నీసా పుట్టిల్లు అక్కడే. రెండు రోజులు ముందుగా బిడ్డను తీసుకుని బస్సెక్కింది. తల్లి జానీబీ బొంతలు కుడుతుంది. పెన్న ఒడ్డున ఉండే పాపిరెడ్డి ఇంటికి కుట్టిన బొంత ఒకటి ఇచ్చి రావాల్సి ఉంటే, "నేను పోతాలేమ్మా" అని సైదున్నీసానే నెత్తిన పెట్టుకుంది. తిరునాళలో ఎద్దులు బండలాగే పందెం పెట్టించేది పాపిరెడ్డి. పోయినేడాది నుంచి మోటర్ల పందెం కూడా ఆయనే పెట్టిస్తున్నాడు.

వాకిట్లో ఆయన ఎద్దుల్ని కడిగి కొమ్ములకు నూనె పూస్తున్నారు. అలివేలమ్మ, పాపిరెడ్డి భార్య, వసారాలో కొర్రలు చెరుగుతోంది.

"ఏమ్మే సైదూ, ఎప్పుడొచ్చినావు? బిడ్డ శానా సన్నంగుండాదే. పాలు చాలల్యా?"

"చాల్తాండాయమ్మా. ఎంత తాగినా అంతే." బొంత దించి, మడత విప్పి చూపించి, మళ్ళీ మడిచింది. మడిచిన దాన్నే ఇంకోసారి సవరించింది. "అమ్మా, ఒక మాట."

"చెప్పు."

"పందెంలో మా ఆయన బండి బయటికి ఏలాడతాడు. వద్దని మీరు చెప్పించాల. నేను చెప్తే ఇనడు."

"ఏలాడేదేంది? కోతి మాదిరా?"

సైదున్నీసా చుట్టూ చూసింది. ఎద్దుల దగ్గరి మనుషులు ఇటు చూడటం లేదు. వసారా గుంజను ఒక చేత్తో పట్టుకుని ఒళ్ళు పక్కకు వాల్చింది, తల మెట్టుకు జానెడు దూరంలోకి వచ్చేదాకా. అలివేలమ్మ చేతిలో చేట ఆగిపోయింది.

"ఓయమ్మ! బండి పోతాండగానే?"

"పోతాండగానే."

"మా ఆయప్పకు ఎద్దులు తప్పితే ఏమీ తెలీదు. బండమింద మనిషి చెయ్యి పడితేనే జతను పక్కకు తోలమంటాడు. ఇట్లా ఏలాడితే గమ్మునుంటాడా? చెప్తాలే."

"నా పేరు చెప్పొద్దమ్మా."

"నీ పేరు చెప్తే ఇన్నా ఇంటాడు. నా పేరు చెప్తేనే ఇనడు." అలివేలమ్మ నవ్వి చేటెడు కొర్రలు ఆమె కొంగులో పోసింది.

తిరిగి వచ్చేటప్పుడు సైదున్నీసా కాళ్ళు తేలికగా పడ్డాయి. ఇంటికొచ్చి బిడ్డకు పాలిస్తూ గోడకు ఆనుకుని నిద్రపోయింది. పట్టపగలు ఆమె అట్లా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. జానీబీ చప్పుడు చెయ్యకుండా బిడ్డను ఒళ్ళోంచి తీసుకుంది.

పందెం రోజు పొద్దున ఎద్దులు అయిపోయాయి. ఇసకలో బండ లాగిన చాళ్ళు ఇంకా తడిగా ఉన్నాయి. పాపిరెడ్డి ఆ బండ మీదికే ఎక్కి నిలబడి రేకు గొట్టం నోటికి పెట్టుకున్నాడు.

"ఇనండప్పా! ఎద్దులకు ఒక బండ, ఒక బరువు. ఎవురి జతకైనా అదే బండ. మోటర్లకూ అంతే. పోయినేడు ఒకాయప్ప బక్కోణ్ణి కూచోబెట్టె, ఇంకొకాయప్ప దున్నపోతును కూచోబెట్టె. ఈ యేడు ఒకరు కోతిని తెచ్చినారంట!"

జనం గొల్లుమన్నారు. బండి పక్కన నిలబడిన జమాల్ కూడా నవ్వాడు, ఎవర్నో అంటున్నారనుకుని.

"ఈ యేడు మనిషి వద్దు. అందరికీ ఒకటే బరువు, ఇసక మూట. కట్టినాక కదిలేదానికి ల్యా. పందెం పొడుగునా మూటకు చెయ్యి తగిలితే, ఆ బండి పక్కకు."

జమాల్ ముందుకొచ్చాడు. "పెద్దరెడ్డీ, కావల్సింది బరువు గాదు సామీ. బరువు యాడ కావాల్నో ఆడికి పోయేదే పని. మలుపొస్తాండాదని మూటకు తెలుస్తాదా?"

"తోలేవానికి తెలుస్తాది. బండకెందుకు తెలియాల?"

"జమాలూ, నువ్వే మూటలోకి దూరప్పా! ఎవురికీ తెలీదు!" వెనక నుంచి ఎవరో అరిచారు. మళ్ళీ నవ్వులు.

జమాల్ ఓబుళరెడ్డి వైపు తిరిగాడు. ఓబుళరెడ్డి కళ్ళద్దాలు పంచె చెరుగుతో తుడుచుకుంటున్నాడు.

"పెద్దాయనా, చట్రం మార్చాల్నా?" అని అడిగాడు, జమాల్‌ను కాదు, పాపిరెడ్డిని.

"కాడి ఎట్లా కట్టుకుంటారో మీ ఇష్టం."

"అయితే సరే. మూటైతే నాకూ మేలే. ఈయప్ప మాదిరి చెవికాడ కేకలు పెట్టదు." అంటూ జమాల్ భుజం తట్టాడు. ఎడమ భుజం. ఆడవాళ్ళ మధ్య నిలబడిన సైదున్నీసా పళ్ళు బిగబట్టింది. జమాల్ మొహంలో ఏమీ కదలలేదు.

"మూట ఎంత బరువుండాల?" ఇంకో బండి ఆసామి అడిగాడు.

"మనిషంత."

"ఏ మనిషంత?"

"ఈడుండాడు గదా, జమాలు!"

పత్తి తూచే పెద్ద కాటాను మూడు గుంజలకు వేలాడదీశారు. ఒక పల్లెంలో జమాల్‌ను కూచోమన్నారు. అతను గొలుసులు పట్టుకుని మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని కూచున్నాడు. రెండో పల్లెంలో గోనెసంచి పెట్టి గంపతో ఇసక పోశారు. ఒక గంప, ఇంకో గంప. చాలాసేపు ఏమీ కాలేదు. తరువాత జమాల్ పల్లెం నేల వదిలింది.

"లేసినాడప్పా!"

"ఒక పిడికెడు తీయ్. ఎక్కువాయ."

"ఇప్పుడు తక్కువ. రవంత పొయ్."

పిడికెడు తీశారు, చారెడు పోశారు. కాటా ముల్లు నిలబడేదాకా జమాల్ గాలిలో మెల్లగా అటొక చుట్టూ ఇటొక చుట్టూ తిరుగుతున్నాడు. ఎవరి వైపు తిరిగితే వాళ్ళు నవ్వుతున్నారు. ఆడవాళ్ళ వైపు తిరిగినప్పుడు ముందు వరసలో ఉన్న అలివేలమ్మ వెనక్కి చూసి, సైదున్నీసాకు కనపడేట్టు, పని అయిపోయిందిలే అన్నట్టు కళ్ళతో నవ్వింది. సైదున్నీసా బిడ్డ తలమీదికి మొహం దించుకుంది. అడిగిందే దొరికింది. భర్త నేలమీదికి దిగి, ఒళ్ళు దులుపుకుని, ఒక్క దెబ్బ లేకుండా ఇంటికొస్తాడు. కానీ ఆమె వద్దనమని అడిగింది గానీ, తూచమని అడగలేదు.

అదే తూకంతో అన్ని బండ్లకూ మూటలు నింపారు. మిగతావాళ్ళు తొట్లలో పడేసి ఊరుకున్నారు. జమాల్ తమ మూటను తనే ఎత్తుకొచ్చాడు. పలకమీద మధ్యలో కాదు, చక్రం దాటి బయటి అంచున, తన భుజం ఉండే చోట పెట్టాడు. మోకు తడిపి కట్టాడు, ఎండకు ఆరేకొద్దీ బిగిసేట్టు. మోకాలితో నొక్కి, ముడి వేసి, లేచి, మళ్ళీ కూచుని ఇంకో ముడి వేశాడు. ఓబుళరెడ్డి, "చాల్లేప్పా, ఊడి యాడికి పోతాది" అన్నా వినలేదు.

ఒక్కో బండినీ విడిగా వదిలారు, ఎద్దుల మాదిరే గడియారం పట్టుకుని, ఎన్ని చుట్లు తిరిగితే అన్ని. డ్రమ్ములు రెండూ ఎడమ చేతికే. ఓబుళరెడ్డి బండి మలుపులో నిదానించలేదు. పక్క చక్రం ఇసకను అంటిపెట్టుకునే తిరిగింది. తిన్నగా పోయేటప్పుడు మాత్రం మూట బరువుకు బండి పక్కకు లాగుతుంటే ఓబుళరెడ్డి చేతులు కర్రల్లా బిగిసిపోయాయి. అయినా అతన్ని మించి ఎవరూ తిరగలేకపోయారు. వెండి కడియం అతనికే తొడిగారు. మెడలో దండలు వేశారు. ఒకడు ఒక దండ లాక్కుపోయి మూటమీద వేశాడు.

"పాపం, ఇదీ కష్టపడె!"

అందరూ నవ్వాక, కాస్త ఆలస్యంగా, జమాల్ కూడా నవ్వాడు. నోరు తెరవకుండా.

ప్రొద్దుటూరుకు తిరిగొచ్చాక అతను ఏమీ అనలేదు. వేళకు అన్నానికి వచ్చాడు. పెట్టింది తిన్నాడు. బిడ్డను ఆడించాడు. వీధి అవతల పత్తి జిన్ను మిల్లు ఆడుతున్నంతసేపూ కొట్టంలో సుత్తి చప్పుడు వినపడుతూనే ఉంది. కానీ "సైదూ, రవంత ఇట్లా రా" అని పిలవడం మానేశాడు. చక్రం పట్టుకోవాల్సి వస్తే రాయి ఆనించుకుంటున్నాడు. ఆమె కొట్టం గుమ్మంలోకి వెళ్ళి నిలబడితే, "ఏమన్నా కావాల్నా?" అని మర్యాదగా అడుగుతాడు. ఏమీ వద్దని వెనక్కి వచ్చేస్తుంది. భుజంమీద పుండు ఆరిపోయి పక్కు కట్టింది. నూనె రాస్తానంటే, "మానిపోయె" అన్నాడు. పక్కనే ఉన్న మనిషిని పోగొట్టుకోవడం ఆమెకు అంతకుముందు తెలియదు.

శుక్రవారం ఓబుళరెడ్డి మనిషి వచ్చి చెప్పిపోయాడు. రెడ్డి వాళ్ళమ్మకు కాళ్ళు వాచాయి, ఆసుపత్రికి తీసుకుపోవాలి, తొట్టి మళ్ళీ బిగించి బండిని పల్లెకు చేర్చమని. జమాల్ తొట్టిలోంచి కోడిని తోలి, గుడ్లు గులాబ్‌బీకి ఇచ్చి, రెంచీలు వరసగా పేర్చుకున్నాడు.

"పలక ఊడదీయకముందు నన్నొకసారి ఎక్కించు," అంది సైదున్నీసా.

అతను తల ఎత్తాడు. "యాడికి?"

"ఏట్లోకి. ఆ డ్రమ్ముల కాడికి."

"నీకేమన్నా పిచ్చా? బిడ్డను పెట్టుకోని."

"బిడ్డను గులాబ్‌బీ ఎత్తుకుంటాది."

"ఎవురన్నా చూస్తే?"

"తెల్లారేటప్పుడు ఎవురుంటారు? గాడిదలు."

జమాల్ రెంచీ కింద పెట్టాడు.

తెల్లారి పెన్న ఇసక చల్లగా ఉంది. గట్టుమీద గులాబ్‌బీ బిడ్డను కొంగులో చుట్టుకుని నిలబడి, "మీ మొగుడూ పెండ్లాలకు ఇదేం పొయ్యేకాలం!" అని అరిచింది. సైదున్నీసా చీరను గోచీ మాదిరి బిగించి పలకమీద కూచుంది. పిడి చల్లగా, మంచుతో తడిగా ఉంది.

మొదటి మలుపులో ఆమె కదలలేదు. చక్రం నేల వదిలింది. జమాల్ గబుక్కున బండిని నిదానించి ఆపాడు.

"నువ్వు చెప్తావనుకుంటి."

"చెప్పేసరికి అయిపోతాది. నేను వెనక్కి చూడలేను. నాకు దారే కనపడాల. ఆడ నువ్వొకదానివే. నీకే తెలియాల."

రెండోసారి పోయారు. డ్రమ్ము దగ్గరైంది. ఎవరూ చెప్పలేదు. ఆమె ఒళ్ళు తనంతట తానే పలక దాటింది. నేల చెంప పక్కకు వచ్చింది. ముడి ఊడి జుట్టు ఇసకమీద ఈడ్చుకుపోయింది. ఇంజను మోత ఎక్కడికో పోయింది. ఇసకలో ఒక్కొక్క రేణువూ గీతలు గీతలుగా వెనక్కి పరుగెత్తుతోంది. కింద చక్రం తన బరువు కోసం కాచుకుని ఉన్నట్టు, సరిగ్గా అంతే అడుగుతున్నట్టు తెలుస్తోంది. ఇచ్చింది. చక్రం నేలను పట్టుకుంది. లేచి కూచుంది. మళ్ళీ డ్రమ్ము. మళ్ళీ వాలింది. ఎన్ని చుట్లు తిరిగారో ఆమెకు తెలియలేదు.

బండి ఆగినప్పుడు గట్టుమీద గులాబ్‌బీ కనపడింది. గులాబ్‌బీ చేతిలో ఏదో గుడ్డల మూట ఉందనుకుంది సైదున్నీసా. అది తన బిడ్డ అని తెలియడానికి ఒక్క క్షణం పట్టింది. పుట్టిననాటి నుంచి ఏ పని చేస్తున్నా, ఎక్కడున్నా, లోపల ఒక వేలు ఆ బిడ్డ ముక్కు కిందే ఉండేది. ఆ మలుపుల్లో అది లేదు. బిడ్డ లేదు, భయం లేదు, జమాల్ కూడా లేడు. ఆమె దిగి ఇసకలో కూలబడింది.

"భయపడినావా?" అన్నాడు జమాల్.

"లేదు."

దూరంగా గాడిదలు చెలమ వైపు పోతున్నాయి.

"పాపిరెడ్డి పెండ్లాంతో చెప్పింది నేనే," అంది సైదున్నీసా.

"తెలుసు."

"ఎట్లా?"

"కాటాలో కూచున్నప్పుడు ఆ యమ్మ నీ దిక్కు చూసి నవ్వె. నువ్వు తల దించుకుంటివి."

"మరి నన్నేమీ అనల్యా నువ్వు."

"ఏమనాల?" జమాల్ బండి పెట్రోలు మూత తీసి లోపలికి చూసి మళ్ళీ బిగించాడు. "బతికుండమంటివి. దానికేమంటారు?"

ఎండ ఎక్కకముందే కొట్టంలోకి వచ్చారు. గులాబ్‌బీ బిడ్డను తన ఇంటికే ఎత్తుకుపోయింది, జావ తాగిస్తానని. జమాల్ చట్రం కింద పడుకుని బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు. పలక ఒక పక్కకు ఒరుగుతోంది. కాలితో ఆపబోయాడు, అందలేదు. రాయి కోసం చెయ్యి చాపి తడుముతుంటే సైదున్నీసా వంగి పలక అంచు పట్టుకుంది. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"రవంత పైకి," అన్నాడు.

ఎత్తింది.

"ఇంకా. ఆఁ, ఆడనే."

ఆఖరి బోల్టు ఊడింది. పలక బరువంతా ఆమె చేతుల్లోకి వచ్చింది.

"యాడ పెట్టాల?"

"యాడన్నా పెట్టు. ఇంగ పనేముంది దాంతో," అన్నాడు చట్రం కిందినుంచి.

గోడ అవతల బిడ్డ ఏడుపు అందుకుంది. అది ఆకలి ఏడుపు, ఆమెకు తెలుసు. "సైదూ, వస్తాండావా ల్యా?" గులాబ్‌బీ కేక వేసింది. సైదున్నీసా విన్నది. వస్తాండా అని బదులు కూడా పలికింది. పలకను మాత్రం ఇంకా కింద పెట్టలేదు.